నిరోధ్ అడగలేని ఇల్లాలు: కామాటిపురా నుంచి సరిహద్దు గ్రామాల దాకా

సికింద్రాబాదులో మధ్యాహ్నం బయలుదేరే దేవగిరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రానికి నిజామాబాదు, బాసర దాటి మహారాష్ట్రలో ప్రవేశిస్తుంది. తెల్లవారేసరికి ముంబై చేరుతుంది. పాలమూరు, ఇందూరు, కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాల మగవారు రైళ్లలోనూ బస్సుల్లోనూ తరతరాలుగా ఆ నగరానికి వెళ్తూనే ఉన్నారు. కొందరు మేస్త్రీ పనికి, కొందరు మిల్లులకు, మరికొందరు మరమగ్గాలకు, ఇంకొందరు గల్ఫు విమానం ఎక్కడానికి. పండుగకో పెళ్లికో తిరిగి వచ్చిన మనిషి సంచిలో ఇల్లాలికి చీర ఉంటుంది, పిల్లలకు మిఠాయి ఉంటుంది. ఒక్కొక్కసారి ఎవరి కంటికీ కనబడని క్రిమి కూడా ఆ మనిషి వెంట వస్తుంది. దానిని ఆపగల తొడుగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా లభిస్తుంది. అయినా ఇల్లాలు దానిని అడగలేదు. అడగలేకపోవడానికి కారణం ఆమె అజ్ఞానం మాత్రమే కాదు. ఆ తొడుగు చుట్టూ అల్లుకున్న అర్థాలు అందుకు ప్రధాన కారణం. ఆ అర్థాలు ఎలా పుట్టినవో తెలియాలంటే ముందుగా కామాటిపురాకు పోవలసి ఉంటుంది.

కామాటిపురా అన్న పేరులోనే తెలుగువారు ఉన్నారు. 18వ శతాబ్దం చివరి కాలం నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలను విడిచి బొంబాయికి వలస వెళ్లి, కట్టడపు పనుల్లో రాయి, మట్టి మోసిన కూలీలను అక్కడివారు కామాటీలు అన్నారు. వారు గుడిసెలు వేసుకున్న పల్లపు నేలకు వారి పేరే స్థిరపడింది. వేశ్యావాటిక ఆ తరువాత, ఆంగ్లేయుల కాలంలో వచ్చి చేరినది. ఈ క్రమాన్ని మరచి, ఆ పేరు వినగానే ముఖం చిట్లించే అలవాటు మన జిల్లాల్లో కూడా ఉన్నది. ఆ గల్లీల్లో ఈనాటికీ నాలుగైదు తరాల తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి. ఒక మేడ మీద కొఠీ నడిస్తే, పక్క మేడ మీద ముగ్గు వేసిన గడప ఉంటుంది. నగరంలోని ఇతర తెలుగు చాళ్లు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాల్లో బట్టల మిల్లుల చుట్టూ పెరిగాయి. వాటిలో పద్మశాలీలు అధికం. 1982 నాటి మిల్లుల సమ్మె తరువాత పని పోయినవారిలో కొందరు భివండీ మరమగ్గాల వైపు మళ్లారు.

రోగం విషయంలో స్త్రీనే దోషిగా చూడడం కొత్త సంగతి కాదు. 1868లో ఆంగ్ల ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసి, వృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకొని తప్పనిసరిగా వైద్య పరీక్షకు రావాలని ఆజ్ఞాపించింది. వారి వద్దకు పోయే సిపాయిలకు అటువంటి నిర్బంధం లేదు. 1888లో ఆ చట్టం రద్దయినది గాని, ఆ ఆలోచన మాత్రం రద్దు కాలేదు.

ఎర్ర త్రికోణం నాటి నిరోధ్

ఊరి గోడల మీద తలకిందులుగా గీసిన ఎర్ర త్రికోణం పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1968లో కేంద్ర ప్రభుత్వం 'నిరోధ్' అన్న పేరుతో తొడుగుల అమ్మకం ప్రారంభించింది. పదిహేను పైసలకు మూడు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీలు అమ్మే పెద్ద కంపెనీల బండ్ల మీదనే ఇవి కూడా పల్లె దుకాణాలకు చేరాయి. ఆనాడు నిరోధ్ అంటే రోగానికి సంబంధించినది కాదు. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉంచుకునే సాధనం, దంపతుల వస్తువు.

ఆ అర్థం రెండు దెబ్బలతో చెడిపోయింది. మొదటిది ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి, అందులో అత్యధికం పురుషులవి. బలవంతం చేసిన ప్రభుత్వం ఎన్నికల్లో ఓడింది. ఆ తరువాత ఏ ప్రభుత్వమూ మగవారి జోలికి గట్టిగా పోలేదు. నియంత్రణ భారమంతా స్త్రీ కడుపు మీదికి వచ్చింది. తెలుగు నాట ఇది పరాకాష్ఠకు చేరింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం ఆపరేషను చేయించుకున్నవారు. దేశమంతటా తొడుగు మీద ఆధారపడే దంపతులు 9.5 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒకరు కూడా లేరు. తెలంగాణలో కూడా ఆ సంఖ్య స్వల్పమే. ఇద్దరు బిడ్డలు పుట్టగానే, చాలామందికి పాతికేళ్లు వచ్చేసరికే ఆపరేషను అయిపోతుంది. ఆ రోజుతో నిరోధ్ అన్న మాట ఆ ఇంట్లో వినబడవలసిన అవసరమే లేకుండా పోతుంది.

రెండవ దెబ్బ ఎయిడ్స్. 1986లో మద్రాసులో తొలిసారి హెచ్.ఐ.వి. బయటపడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. అప్పటి నుంచి గోడల మీద, బస్సుల మీద, రేడియోలో నిరోధ్ అన్నది రోగంతో, పరస్త్రీతో ముడిపడి వినిపించింది. దంపతుల వస్తువు కాస్తా తప్పు చేసినవాని వస్తువు అయినది. ఇంట్లో ఆపరేషను, బయట నిరోధ్ అని రెండు గదులు ఏర్పడినవి.

కొఠీలో అమలైన నియమం

1990ల మధ్య నాటికి ముంబైలో పరీక్షకు వచ్చిన వృత్తి స్త్రీలలో దాదాపు సగం మందికి ఈ క్రిమి సోకి ఉన్నట్టు తేలింది. ఇంత వేగంగా ఎందుకు వ్యాపించింది? ఆ స్త్రీలకు తెలియక మాత్రమే కాదు. కొఠీలో కొత్తగా చేరిన పిల్ల మీద అప్పు ఉంటుంది. ఆ అప్పు తీరే వరకు ఆమె సంపాదన ఘర్వాలీది. అప్పు తీరిన తరువాత కొందరు 'అధియా' మీద, అంటే సగం పాలు మీద ఉంటారు. తొడుగు వద్దని విటుడు పట్టుబడితే, కాదన్న స్త్రీ బేరం పోగొట్టుకుంటుంది. అతడు పక్క గది తలుపు తడతాడు. తొడుగు లేకుండా ఎక్కువ డబ్బు ఇస్తానని ఆశ పెట్టేవారు ఉంటారు. తాగి వచ్చినవాడు బలవంతం చేస్తాడు. పోలీసు సోదాలో సంచిలో తొడుగులు దొరికితే వాటినే నేరానికి సాక్ష్యంగా చూపేవారు. ఇన్ని ఒత్తిళ్ల నడుమ 'నీ ఆరోగ్యం నీ చేతిలో ఉన్నది' అని బోధించడం అర్థం లేని పని.

మార్గం కలకత్తాలోని సోనాగాచ్చి చూపింది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ పని ప్రారంభించినప్పుడు తొడుగు క్రమంగా వాడేవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆయన వృత్తిలోని స్త్రీలకే శిక్షణ ఇచ్చి, వారి చేతనే తోటివారికి చెప్పించాడు. కొఠీ యజమానులతోనూ మాట్లాడారు. 1995లో ఆ స్త్రీలు దుర్బార్ అన్న సొంత సంఘం పెట్టుకున్నారు. దశాబ్దం ముగిసేసరికి వాడకం నూటికి ఎనభై దాటింది. ఒక్కతె కాదంటే విటుడు పక్క గదికి పోతాడు. గల్లీ అంతా కాదంటే అతడు పోవడానికి గది ఉండదు. ఉపన్యాసాలు చేయలేని పనిని ఈ చిన్న లెక్క చేసింది. ముంబైలోనూ నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు, 1998లో ఏర్పడిన ముంబై జిల్లాల ఎయిడ్స్ నియంత్రణ సంఘం ఇదే దారిన నడిచాయి. తోటి స్త్రీలే తొడుగుల పెట్టె పట్టుకొని గదులు తిరిగారు. కాలక్రమాన కామాటిపురాలో విటుని విషయంలో తొడుగు వ్యాపార నియమంగా మారింది. అది లేకుంటే బేరమే లేదనే స్త్రీలు ఏర్పడ్డారు. 2022 మే 19న సుప్రీంకోర్టు వృత్తి స్త్రీల గౌరవంపై ఇచ్చిన ఆదేశాలలో, తొడుగులను నేరానికి సాక్ష్యంగా పరిగణించరాదని కూడా చెప్పింది.

ఇంతవరకు ఇది విజయగాథ. అసలు ప్రశ్న దీని తరువాత మొదలవుతుంది.

ఆ స్త్రీలలో చాలామందికి విటులు కాక ఒక సొంత మనిషి ఉంటాడు. అక్కడివారు 'ఆద్మీ' అంటారు. అతడు పండుగకు చీర తెస్తాడు, జ్వరం వస్తే మందు తెస్తాడు, బిడ్డను బడిలో చేర్చడానికి తండ్రిగా పేరు ఇస్తాడు. ఒక్కొక్కసారి ఆమె సంపాదన తిని కొడతాడు కూడా. పగలంతా ప్రతి విటునికీ తొడుగు తప్పనిసరి చేసిన స్త్రీ ఈ మనిషి విషయంలో మాత్రం దానిని పక్కన పెడుతుంది. ఈ తేడా దేశంలో చేసిన పరిశోధనలలో పదే పదే కనబడినది. కారణం స్పష్టమే. ఆమె లెక్కలో తొడుగు బేరానికి గుర్తు. తొడుగు తీసివేయడమే 'నీవు బేరగాడివి కావు, నా వాడివి' అని చెప్పే భాష. అటువంటప్పుడు అతనిని తొడుగు అడగడమంటే అతనిని మళ్లీ గుమ్మం బయట వరుసలో నిలబెట్టడమే.

2002 చివర ముంబై గోడల మీద 'బల్బీర్ పాషాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రకటనలు వెలిశాయి. బల్బీర్ ఒక్క మంజుల వద్దకే పోతాడు, కనుక తనకేమీ కాదనుకుంటాడు. మంజుల వద్దకు ఇతరులు కూడా వస్తారు కదా అని అందులో ఒక భాగం హెచ్చరించింది. నమ్మకం తొడుగుకు బదులు కాదని చెప్పడం దాని ఉద్దేశం. అయితే తప్పంతా మంజుల మీద మోపినట్టున్నదని మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరంలో న్యాయం ఉన్నది. మంజులకు ఆ క్రిమి పుట్టుకతో రాలేదు, ఎవరో బల్బీరే తెచ్చి ఇచ్చాడు. మన రాష్ట్రంలో దీనికి తోబుట్టువు వంటిది 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న ప్రకటన. అది చూసి నవ్వుకోని ఊరు లేదు. రెండు ప్రకటనలూ మగవానికి వస్తుందా అనే అడిగాయి. పులిరాజా భార్యకు వస్తుందా అన్న ప్రశ్న ఏ గోడ మీదా కనబడలేదు.

ఖోలీలో, ఊరి ఇంట్లో

చాళ్లలో కాపురం ఒకే గది. వర్లీలోని బి.డి.డి. చాళ్లలో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. అందులో అత్తమామలు, దంపతులు, పిల్లలు, ఊరి నుంచి పని కోసం వచ్చిన మరిది. నల్లా ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి. తొడుగు ఎక్కడ దాచాలి? వాడిన దానిని ఎవరూ చూడకుండా ఎక్కడ పారవేయాలి? పిల్లవాడి చేతికి దొరికితే ఏమని చెప్పాలి? చదువుకున్నవారికి ఇవి అల్పమైన ప్రశ్నలుగా తోచవచ్చు గాని, కోడలికి ఇవే పెద్ద అడ్డంకులు. మందుల దుకాణంవాడు కూడా తెలిసినవాడే. మగవాడు అడిగి తెచ్చుకుంటాడు. ఆడమనిషి పోయి అడిగితే ఆ మాట సాయంత్రానికి చాల్ అంతా తిరుగుతుంది.

ఊరి ఇల్లాలి స్థితి ఇంకా కఠినం. ఆమెకు స్థలం ఉన్నది గాని మాట లేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే భర్తను తొడుగు అడిగితే "ఎందుకే, నా మీద అనుమానమా?" అని అతడు అంటాడు. లేదా ఇంకా దారుణంగా, "నేను లేనప్పుడు నీవేం చేసినవ్?" అని తిప్పి అడుగుతాడు. ఆపరేషను అయిన స్త్రీకి 'పిల్లలు కాకుండా' అన్న సాకు కూడా మిగలలేదు. కనుక ఆమె నోట నిరోధ్ అన్న మాట వచ్చిందంటే దానికి రోగం, అనుమానం తప్ప మరో అర్థం ఉండదు. కామాటిపురా స్త్రీ తన ఆద్మీ ఎదుట మౌనంగా ఉండడానికీ, ఊరి ఇల్లాలు భర్త ఎదుట మౌనంగా ఉండడానికీ కారణం ఒక్కటే. అయితే మొదటి ఆమెకు గల్లీలో సంఘం ఉన్నది, పెట్టె పట్టుకొని వచ్చే అక్క ఉన్నది. రెండవ ఆమెకు అవి లేవు.

ఫలితం లెక్కల్లో కనబడింది. 2005-06 సర్వేలో దేశంలో వయోజనులలో 0.28 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 0.97 శాతం, మహారాష్ట్రలో 0.62 శాతం. ఆ తరువాత బాగా తగ్గింది. అయినా 2023 అంచనాలలో దేశ సగటు 0.20 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్ 0.62, తెలంగాణ 0.44 శాతం వద్ద ఉన్నాయి. వలస పోయిన ప్రతి మగవాడూ తప్పుదారి తొక్కాడని దీని అర్థం కాదు; అత్యధికులు చెమటోడ్చి ఇంటికి డబ్బు పంపేవారే. కాని భర్త తప్ప అన్యుని ఎరుగని స్త్రీకి క్రిమి సోకినప్పుడు, భర్త పోయాక ఆమెనే 'మొగుణ్ణి మింగింది' అన్న ఊళ్లు ఉన్నాయి. అటువంటి ఊళ్లలో ఏ ఇల్లాలు నోరు విప్పగలదు?

అడగడానికి దారులు

అనుమానం పేరెత్తకుండా అడిగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. కొత్తగా పెళ్లయినవారు, ఒక బిడ్డ తల్లులు ఎడం కోసమని అడగవచ్చు. నిరోధ్‌కు మొదట ఉన్న అర్థం అదే. ఆశా కార్యకర్త ఇంటి వద్దకే తెచ్చి ఇచ్చే పథకం 2011లో మొదలైనది, మూడింటి పొట్లం ధర ఒక రూపాయి. ఆమె ఆడమనిషి, ఊరి మనిషి. "అక్కా" అని పిలిచి అడగగలిగినంత దగ్గరిది. ఆపరేషను అయినవారికి తెల్లబట్ట, మూత్రంలో మంట వంటి బాధలు ఉన్నప్పుడు, చికిత్స ముగిసే వరకు తొడుగు వాడాలని వైద్యురాలి నోట చెప్పించడం మేలు. ఆ బాధలకు భర్తకు కూడా చికిత్స అవసరం. ఒక్కరికే మందు ఇస్తే రోగం తిరిగి వస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దవలసి ఉన్నది. ఆపరేషను, కాపర్-టి, మాత్రలు, సూది మందు ఇవన్నీ గర్భాన్ని ఆపుతాయి, రోగాన్ని ఆపవు. కలయిక తరువాత సబ్బుతోనో డెటాల్‌తోనో కడుక్కుంటే సరిపోతుందన్నది కూడా తప్పు. లోపలి పొర ఒరిసిపోయి ప్రమాదం పెరుగుతుంది.

తొడుగు వాడకంలోనూ తెలియక చేసే తప్పులు ఉన్నాయి. కొబ్బరినూనె, వ్యాసలీన్ తగిలితే రబ్బరు కొద్ది నిమిషాల్లో బలహీనపడి చినుగుతుంది. రెండు తొడుగులు ఒకదాని మీద ఒకటి వేస్తే భద్రత పెరగదు, రాపిడికి రెండూ చిరగవచ్చు. నెలల తరబడి పర్సులో, ఎండ తగిలే చోట ఉంచినది పనికిరాదు. పొట్లం మీది గడువు తేదీ చూడాలి, పంటితో చింపరాదు. కొసను నొక్కి గాలి తీసి తొడగాలి. ముగిసిన వెంటనే అంచు పట్టుకొని బయటకు తీయాలి. ఒకసారి వాడినది మళ్లీ వాడరాదు. ముడి వేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి. మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది, ఆ తరువాత చాల్ అంతటికీ తెలిసిపోతుంది.

స్త్రీ ధరించే తొడుగు కూడా ఉన్నది. 2000ల రెండవ సగంలో ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర వంటి రాష్ట్రాల్లో వృత్తి స్త్రీలకు దానిని ప్రయోగాత్మకంగా అందించారు. ధర ఎక్కువ కావడం వల్ల పల్లె దుకాణం దాకా రాలేదు. పైగా అది భర్తకు తెలియకుండా వాడే వస్తువు కాదు, అతని అంగీకారం దానికీ కావలసిందే.

తొడుగు అడగడం కంటె పరీక్ష అడగడం కొన్ని ఇళ్లలో తేలిక. గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెచ్.ఐ.వి. పరీక్ష ఎలాగూ చేస్తారు. ఆ రోజున భర్తను కూడా వెంట తీసుకుపోతే, ఎవరూ ఎవరినీ అనుమానించినట్టు కాదు. ఇటీవలి కలయిక వల్ల సోకినది వెంటనే బయటపడకపోవచ్చును గనుక మూడు నెలల తరువాత మళ్లీ చేయించుకోవాలి. చికిత్స లేని తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. మందులు వాడితే అది 5 కంటె తక్కువకు పడిపోతుంది.

క్రిమి ఉన్నదని తేలినా బ్రతుకు ముగిసినట్టు కాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. మొదట ప్రారంభమైన కేంద్రాలలో కామాటిపురాకు దగ్గరలోని జె.జె. ఆసుపత్రి ఒకటి. ఊరిలో మందు తీసుకునేవారు ముంబై పోయినా, అక్కడివారు ఊరికి వచ్చినా, కేంద్రంలో చెప్పి బదిలీ చేయించుకోవచ్చు. వలస కారణంగా మందు మానడమే అన్నిటికంటె ప్రమాదం. మందులు తప్పకుండా వాడి, రక్తంలో క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గి అదే స్థితిలో నిలిచినవారి నుంచి కలయిక ద్వారా అది ఇతరులకు సోకదని నేడు వైద్యశాస్త్రం చెబుతున్నది. ఇతర సుఖవ్యాధుల కోసం తొడుగు మాత్రం అప్పుడూ అవసరమే.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం అంగీకారం లేనిదే పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. క్రిమి ఉన్నదన్న నెపంతో కోడలిని, వితంతువును ఉమ్మడి ఇంటి నుంచి వెళ్లగొట్టరాదు. అక్కడ నివసించే హక్కు ఆమెకు ఉన్నది. పేరు చెప్పకుండా సలహా అడగదలచినవారు 1097 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఆ పిలుపుకు డబ్బు పడదు.